లేస్తుంది, లేచేది

మా పిన్ని చేతికి ఎర్ర పెన్ను ఆరో వేలు. మా ఊరి బడిలో పద్దెనిమిదేళ్లు పిల్లల నోట్సులు దిద్దింది. కిరాణా కొట్టు చీటీలో ఒక ఒత్తు తప్పున్నా అక్కడే నిలబడి దిద్ది, ఆ తర్వాతే సరుకులు తీసుకునేది. మా అమ్మకు చెల్లెలు, ఐదో తరగతిలో నాకు టీచరు. బళ్లో "టీచర్" అనాలి, ఇంటి గుమ్మం దాటితే "పిన్నీ" అనాలి. ఒకసారి క్లాసులో పొరపాటున పిన్నీ అనేశాను. అందరూ పగలబడి నవ్వారు. అసలే నాకు నోరు తక్కువ, ఆ రోజుతో అది మరీ మూతపడింది. చెప్పాల్సిందేదైనా ఉంటే డైరీలో రాసుకోవడం అప్పుడే మొదలైంది.

అలాంటి పిన్నికి కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పిన మాట, పెన్ను ముట్టుకోకూడదని.

ఉద్యోగం యూనివర్సిటీలో. పాఠాలు చెప్పడం కాదు. విద్యార్థులు తాము రాసిన వ్యాసాలు, రిపోర్టులు పట్టుకుని వస్తారు. పక్కన కూర్చుని, తప్పెక్కడుందో వాళ్లకే తెలిసొచ్చేలా చేయాలి. గది ముందు "విద్యా నైపుణ్యాల కేంద్రం" అని బోర్డు ఉంటుంది. విద్యార్థులు మాత్రం దాన్ని రిపేరు షాపు అంటారు.

అమ్మ పోయిన మూడు నెలలకు ఈ ఉద్యోగం వచ్చింది. పది రోజుల జ్వరం, అంతే. నాన్న లారీ డ్రైవరు. నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. "పిల్లని నాతో తీసుకెళ్తాను బావా, క్వార్టరు ఇస్తున్నారు, అక్కడే కాలేజీలో చేర్పిస్తాను" అంది పిన్ని. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని సరేనన్నాడు. మూడో అంతస్తులో ఒక గది, వంటగది, బట్టలారేసుకోవడానికి సన్నటి వరండా. మా ఇద్దరికీ అది చాలు.

కానీ ఉద్యోగం అప్పుడే ఖాయం కాలేదు. నాలుగు నెలలు శిక్షణ. ఆఖరున పిన్ని పని చేస్తుంటే పై అధికారి పక్కన కూర్చుని మూడుసార్లు చూస్తారు. మూడింట్లో రెండు బాగుంటేనే ఉంచుకుంటారు. లేకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. ఊరి బడిలో పిన్ని కుర్చీలో అప్పటికే వేరే టీచరు కూర్చుంది. అంటే ఇక్కడ కుదరకపోతే పిన్ని ఒక దారి, నేను ఒక దారి.

శిక్షణలో కొత్తగా చేరినవాళ్లు ఐదుగురు. నేర్పేది పెద్ద మేడం. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచరట. వాచీ ముఖం మణికట్టు లోపలివైపు పెట్టుకుంటారట, ఎదుటివాళ్లకు టైము చూస్తున్నట్టు తెలియకూడదని. పిన్ని రోజూ సాయంత్రం బ్యాగు కింద పెట్టీ పెట్టకముందే ఆ రోజు జరిగినవన్నీ చెప్పేది.

"ఏం నేర్పార్రా అంటే, ఏమీ చెయ్యకుండా కూర్చోవడం నేర్పారు!" అంది మొదటి వారం. "రాసినవాళ్లే పైకి చదవాలట. మనం ఒక ప్రశ్న అడిగి నోరు మూసుకోవాలట. మనసులో ఏడు లెక్కపెట్టాలట. ఏడు! అంతసేపు నేను ఊరుకుంటానా?"

"ఎందుకు ఏడు?" అన్నాను.

"భయస్తులకి మొదటి మూడు అంకెలూ భయపడ్డానికే సరిపోతాయట. తర్వాత మూడూ ఆలోచించడానికి. ఏడోదానికి నోరు తెరుస్తారట." నా వైపు చూసి నవ్వింది. "నీలాంటి పిట్టలకి డెబ్భై లెక్కపెట్టినా చాలదు లే."

పిట్ట నా ముద్దుపేరు. కూత లేని పిట్ట అని మా అమ్మ పెట్టింది.

పిన్నితో పాటు చేరినవాళ్లలో లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. యాభై దాటాయి. పిల్లల లెక్క తప్పుతుంటే చూస్తూ ఊరుకోలేక ఆయనకు చెమటలు పట్టేవట. ఒక రోజు ఏడు లెక్కపెట్టబోయి పైకే లెక్కపెట్టేశారట. "ఒకటి, రెండు, మూడు..." ఎదురుగా ఉన్న విద్యార్థిని హడలిపోయి, తప్పు చెప్తే కొడతారేమో అనుకుని లేచి వెళ్లిపోయిందట. ఆ సంగతి చెప్తూ పిన్ని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. అమ్మ పోయాక మా ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు.

కొన్నాళ్లకు ఆ పద్ధతి వంటింట్లోకి కూడా వచ్చింది. ఒక పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి నేను పుస్తకంలో పడ్డాను.

"పిట్టా, పాలగిన్నె వైపు ఒకసారి చూస్తావా? నీకేం కనిపిస్తోంది?" అంది పిన్ని మెల్లగా.

తలెత్తేలోపు పాలు పొంగి పొయ్యంతా కారాయి.

"పొంగుతున్నాయని చెప్పొచ్చుగా పిన్నీ!"

"చెప్పకూడదే. నీకే తెలిసిరావాలి." గుడ్డ అందించబోయి, మళ్లీ వెనక్కి తీసుకుంది. "ఇప్పుడు ఏం చేస్తే బాగుంటుందనుకుంటున్నావు?"

ఆదివారాలు నన్ను కూర్చోబెట్టి సాధన చేసేది. బస్టాపు గురించి, మా కాలేజీ మెట్ల గురించి, కింది వాటాలో ఉండే దగ్గు తాతగారి గురించి ఒక్కో పేజీ రాయించింది. నేను చదువుతుంటే పిన్ని కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చునేది. "లేకపోతే అది నా మాట వినదు" అనేది. అరగంటయ్యాక చూస్తే చేతి మీద కుర్చీ అల్లిక అచ్చుపడి ఉండేది.

పెద్ద మేడం చెప్పిన ఒక మాట మాత్రం పిన్ని కాగితం మీద రాసి వంటింటి అలమర తలుపుకి అంటించింది. "మీరు పక్కన లేనప్పుడు కూడా వాళ్లు దిద్దుకోగలగాలి. మన పనంతా అదే." ఇంట్లో ఎర్ర సిరాతో రాసిన కాగితం అదొక్కటే మిగిలింది.

మొదటి పరిశీలన పోయింది. ఒక అబ్బాయి నేలసారం మీద రాసిన రిపోర్టు తెచ్చాడట. అంతా బాగానే జరిగింది. ఆఖరి పేరాలో "భూసారం" అన్నచోట "భూసరం" అని ఉందట. "నా చెయ్యి ఎప్పుడు వెళ్లిందో నాకే తెలీదే. చూసేసరికి దీర్ఘం పెట్టేసి ఉంది" అని తల కొట్టుకుంది. రెండోది గట్టెక్కింది. నలభై నిమిషాలు పెన్ను జోలికి పోలేదని పెద్ద మేడం మెచ్చుకున్నారట. ఇక అంతా మూడోదాని మీదే ఉంది.

మూడో పరిశీలన రోజు పదిన్నరకు పిన్ని ఫోను చేసింది. ఆ రోజు మాకు కాలేజీ లేదు.

"పిట్టా, వస్తానన్న అమ్మాయికి ఒళ్లు కాలిపోతోందట, రాలేదు. ఇవాళ్టితో గడువు అయిపోతుంది. ఎవరు వచ్చినా పర్లేదన్నారు మేడం. నువ్వొస్తావా?"

"నేనా?" అన్నాను. "అక్కడ అందరూ ఉంటారు కదా పిన్నీ."

"అందరూ ఎవరూ ఉండరు. నేనూ, మేడం. అరగంట. కానీ నేను ముందే చూసిన రాత పనికిరాదట. కొత్తది ఏదైనా ఉందా?"

రాసినవన్నీ పిన్ని చూసేసింది. చూడనిది నా డైరీ ఒక్కటే. నా డైరీని ఎవరూ ముట్టుకోరు, అమ్మ కూడా ముట్టుకోలేదు. ఉంది అని చెప్పాను. గబగబా కూర్చుని అందులోంచి రెండు పేజీలు తెల్లకాగితం మీదకు ఎత్తిరాశాను. మంచి చేతిరాతతో రాయాలన్న ధ్యాస తప్ప ఏం రాస్తున్నానో చూడలేదు.

గది చిన్నది. ఒక గుండ్రటి బల్ల, మూడు కుర్చీలు, కిటికీకి సగం దించిన తెర. బల్ల మధ్యలో ఒకే ఒక నీలం పెన్ను. పెద్ద మేడం నేననుకున్నంత పెద్దగా లేరు. నన్ను చూసి నవ్వారు. నేను కాగితాలు గట్టిగా పట్టుకోవడం గమనించారేమో, భయం పోగొట్టడానికని మాట కలిపారు.

"మీ పిన్ని దగ్గరుండి చదువుకుంటున్నావా అమ్మా? మంచిది. అమ్మావాళ్లు ఊళ్లోనే ఉంటారా?"

"ఆఁ" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. కాదంటే ఇంకో ప్రశ్న వస్తుంది, దానికి ఇంకో జవాబు చెప్పాలి. ఆ తర్వాత ఆవిడ అయ్యో అంటారు, నా మొహంలోకి చూస్తారు. ఆఁ అంటే ఒక్క అక్షరంతో అయిపోతుంది. పిన్ని చప్పున నా వైపు చూసింది. అప్పటికే మేడం వాచీలో అరగంట మొదలైంది.

"ఏం తెచ్చావు?" అంది పిన్ని, అసలు నన్ను ఎరగనట్టు, మర్యాదగా.

"మా పొద్దులు అని రాశాను."

"పైకి చదువుతావా?"

చదివాను. "మేము ఊళ్లో ఉన్న రోజుల్లో అమ్మ అందరికంటే ముందు లేస్తుంది. నాకు మెలకువ వస్తుందని గాజులు మోచేతి దాకా తోసుకుని తలుపు తీస్తుంది. మొహం కడుక్కోగానే కుట్టుమిషను దగ్గర కూర్చుంటుంది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది. కొత్తవాళ్లకు ఒక్క ముక్క తెలియదు. ఊఁ ఊఁ అంటే స్నానానికి వెళ్లమని. ఊఁహూఁ అంటే జడ వంకరగా ఉందని..."

అక్కడ పిన్ని పెదాలు కదిలాయి. అమ్మ అలా సూదులతో తిట్టే తిట్లు అర్థమయ్యేది ఈ లోకంలో మా ఇద్దరికే.

మిగతాది కూడా చదివేశాను. డైరీలో అమ్మ గురించి నేనెప్పుడూ అలాగే రాస్తాను. అందులో తప్పుందని అప్పటిదాకా తోచనే లేదు. పైకి చదివినా వినపడలేదు.

పిన్ని కుడిచెయ్యి తొడ కిందికి వెళ్లింది. మొదటి వాక్యం మీద ఆవిడ చూపు ఆగిపోయింది. కళ్లు అక్కడి నుంచి కదలడం లేదు. ఏదో అడగడానికి నోరు తెరిచింది. మళ్లీ మూసింది. పెద్ద మేడం కలం కాగితం మీద సిద్ధంగా ఉంది. కిటికీ బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినపడింది.

"ఇందులో... నీకు బాగా నచ్చిన వాక్యం ఏది?" అంది పిన్ని చివరికి.

నేను సూదుల వాక్యం చూపించాను. ఇంకా ఏమేం గుర్తున్నాయని అడిగింది. ఎవరు చదవాలని రాశావంది. పేరా ఎక్కడ విడగొడితే బాగుంటుందంది. నేను పెన్ను తీసుకుని ఒక గీత గీశాను. పిన్ని పెన్ను ముట్టుకోలేదు. అరగంట అయిపోయింది. నాకైతే అంతా బ్రహ్మాండంగా జరిగిందనిపించింది.

పరిశీలన అయ్యాక రాసినవాళ్లను కూడా అక్కడే ఉంచడం వాళ్ల పద్ధతి. పెద్ద మేడం కాగితం తిప్పి చూసుకున్నారు.

"పెన్ను విషయంలో వంక పెట్టడానికి లేదు. అమ్మాయిని తొందరపెట్టలేదు. కానీ టీచర్ గారూ, మొదటి వాక్యం చూడండి. 'ఊళ్లో ఉన్న రోజుల్లో' అంటోంది. అయిపోయిన రోజులు. క్రియ మాత్రం 'లేస్తుంది'. 'లేచేది' అని కదా ఉండాలి? రెండు పేజీల్లో పదకొండు చోట్ల ఇదే తప్పు. మీరు ఒక్కసారి కూడా దాని దగ్గరికి తీసుకెళ్లలేదు."

కాగితం వైపు చూశాను. లేస్తుంది, తీస్తుంది, కూర్చుంటుంది. అన్నీ వరుసగా నా మంచి చేతిరాతలో కనపడ్డాయి.

"మీరు గమనించలేదా?" అన్నారు మేడం.

"గమనించాను మేడం. తను చదువుతున్నప్పుడే."

"మరి ఎందుకు అడగలేదు?"

పిన్ని నా వైపు చూడలేదు. నా 'ఆఁ' ఇంకా ఆ బల్ల మీదే ఉంది.

"ఇది చిన్న తప్పు కాదు. ఇలాంటి తప్పు చూసి కూడా వదిలేస్తే, ఆ అమ్మాయి రేపు ఎక్కడికెళ్లినా ఇలాగే రాస్తుంది. అడగకపోవడానికి కారణం ఉంటే చెప్పండి, రాసుకుంటాను."

"కారణం ఏమీ లేదు మేడం" అంది పిన్ని.

మేడం నా వైపు తిరిగారు. "నువ్వేమైనా చెప్పాలనుకుంటున్నావా అమ్మా?"

అని ఊరుకున్నారు. ఆవిడ పెదాలు కదలడం లేదు, కానీ లెక్కపెడుతున్నారని నాకు తెలుసు. నేనూ లెక్కపెట్టాను. ఒకటి. మా అమ్మ లేదండీ అంటే చాలు. రెండు. ఇందాక అబద్ధం చెప్పానండీ. మూడు. పిన్నికి తెలుసండీ, అందుకే అడగలేదు. నాలుగు. నీలం పెన్ను నా వైపే ఉంది. ఐదు. పిన్ని చెయ్యి ఇంకా తొడ కిందే ఉంది. ఆరు.

ఏడు.

"సరే" అన్నారు మేడం, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

ఇంటికి నడిచి వచ్చాం. పిన్ని దారిలో కూరగాయలు కొంది. నువ్వెందుకు ఆఁ అన్నావని అడగలేదు. రెండో అంతస్తులో ఆగి ఊపిరి తీసుకుని, "గాజుల సంగతి నేను మర్చిపోయానే" అంది. "మోచేతి దాకా తోసుకునేది కదా. నిజమే."

వారానికి కాగితం వచ్చింది. మర్యాదగా, ఒక్క తప్పు లేకుండా రాసి ఉంది. పిన్ని రెండుసార్లు చదివి మడిచి డ్రాయరులో పెట్టింది. లెక్కల మాస్టారు మాత్రం నెగ్గారు. వచ్చి, ఏమనాలో తెలియక, మా వరండాలో కారుతున్న కొళాయి బిగించి వెళ్లారు.

పిన్నికి దూరంగా ఒక చిన్న టౌనులో బడి దొరికింది. ఇద్దరు టీచర్లతో కలిసి ఒకే గదిలో ఉండాలి, అక్కడ నాకు చోటు లేదు. నాన్న లారీ ఆఫీసు దగ్గర్లో ఉన్న అమ్మాయిల హాస్టలులో నన్ను చేర్పిస్తానన్నాడు. శనివారం మధ్యాహ్నం లారీ తెస్తానన్నాడు.

శనివారం సామానంతా కట్టేశాం. బల్లా రెండు కుర్చీలూ క్వార్టరువే కాబట్టి అవి మిగిలాయి. అలమర తలుపు మీది కాగితం పిన్ని పీకబోతే చిరిగింది. సగం దానికే అంటుకుని ఉండిపోయింది.

"నేను చెప్పి ఉండాల్సింది పిన్నీ" అన్నాను. పరిశీలన రోజు నుంచి చెప్పాలనుకుంటున్న మాట అది. "మేడం అడిగినప్పుడు."

"ఉండాల్సిందేలే." పిన్ని పెట్టె మీద కూర్చుంది. "నేనూ అడిగి ఉండాల్సింది. నీకు ఐదో తరగతిలో కాలాలు చెప్పింది నేను కాదూ? నీకు రాక రాశావనుకుంటానా?"

"మరి?"

"నువ్వు చదువుతుంటే అక్క లేచింది. తలుపు తీసింది. మిషను దగ్గర కూర్చుంది." అంది పిన్ని. "నేను ఒక్క ప్రశ్న అడిగితే ఆగిపోతుంది కదే. నా నోటితో నేనెలా ఆపను?"

నేను సంచీలోంచి ఆ రెండు కాగితాలూ తీసి బల్ల మీద పెట్టాను. కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. పెన్ను నా వైపు పెట్టుకున్నాను.

"ఇప్పుడు అడుగు."

"వద్దులే పిట్టా. ఇప్పుడెందుకు?"

"అడుగు పిన్నీ."

ఆవిడ పెట్టె మీంచి లేచింది. తర్వాత వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుంది.

"పైకి చదువు."

"మేము ఊళ్లో ఉన్న రోజుల్లో అమ్మ అందరికంటే ముందు లేస్తుంది."

"ఇది ఎప్పటి సంగతమ్మా?"

అడిగి ఊరుకుంది. నేను లెక్కపెట్టలేదు. పెన్ను తీసి "లేస్తుంది" మీద గీత గీశాను. పైన "లేచేది" అని రాశాను. పిన్ని కళ్లు మూసుకుంది. తర్వాతి వాక్యం చదివాను. తీసేది. ఆ తర్వాతిది. కూర్చునేది. సూదుల వాక్యం దగ్గర పైన చోటు చాలక అక్షరం వంకరపోయింది. పిన్ని దాన్ని చూసింది. తొడ కింద చెయ్యి కదిలింది, బయటికి మాత్రం రాలేదు.

మాట్లాడేది.

అప్పుడు కింద హారను మోగింది. నాన్న రెండుసార్లు కొడతాడు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పిన్ని లేచింది. కాగితాలు రెండూ మడిచి నా చేతికిచ్చింది.

"నాలుగయ్యాయి. ఇంకా ఏడున్నాయి" అంది.

"ఆఁ" అన్నాను.

పెట్టె ఆవిడ ఎత్తుకుంది, సంచీ నేను తీసుకున్నాను. మిగతావి హాస్టలులో దిద్దుకోవాలి.